కారుకొచ్చిన కొత్త చప్పుళ్లు

"ఇక్కడ 'ఆగండి' అంటే ఎవరు?"

కారు ఇంకా గేటు దాటి పూర్తిగా లోపలికి రాలేదు. అద్దం దించి, తల బయటపెట్టి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. అడిగిన తీరు చూస్తే అడ్రసు వెతుక్కుంటూ వచ్చినట్టు లేదు, ఎవరినో అరెస్టు చేసి తీసుకుపోవడానికి వచ్చినట్టుంది.

లిఫ్టు మీదున్న బండి కింద నుంచి అతను బయటికొచ్చాడు. మోచేతుల దాకా ఆయిలు.

"నేనేనండీ. ఒక్క నిమిషం ఆగండి, చేతులు కడుక్కుని వస్తా."

"ఆగను."

ఆ గ్యారేజీ తెరిచి ఏడేళ్లయింది. అతను ఆగమన్నాక ఆగనన్న మనిషి ఇంతవరకూ రాలేదు. కౌంటరు వెనక ఫోనులో మాట్లాడుతున్న అతని పిన్ని కూడా ఫోను చెవి నుంచి దించి అటే చూసింది.

అతని సంగతి కాస్త చెప్పుకోవాలి. కన్నవాళ్లు పెట్టిన పేరు అతనికి ఒకటుంది గానీ దాన్ని వాడేవాళ్లు లేరు. జర్మన్ కార్లు తప్ప వేరేవి ముట్టుకోడు. ఎవరైనా వచ్చి "గేర్‌బాక్సు పోయిందట, మార్చెయ్" అంటే "ఆగండి" అంటాడు. "ఇంజిన్ దింపాల్సిందేనట" అంటే మళ్లీ "ఆగండి" అంటాడు. తీరా చూస్తే గేర్‌బాక్సుకి ఆయిలు మారిస్తే సరిపోతుంది, ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ పైపొకటి చిట్లి ఉంటుంది. అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

కౌంటరు పైన గోడకి ఒక బోర్డుంది: 'పాత పార్టు చూపించకుండా కొత్త పార్టు వెయ్యము'. విప్పిన ప్రతి పార్టునీ ట్రేలో పెట్టి, ఎక్కడ పాడైందో ఓనరుకి వేలు పెట్టి చూపించాకే కొత్తది బిగిస్తాడు. ఈ ఊళ్లో తనకంటే నిజాయితీగా కారు చూసేవాడుంటే తీసుకురండి అని నలుగురిలోనే అంటాడు. గర్వమా అంటే గర్వమే.

అలాంటివాడి ముందు ఆ అమ్మాయి కారు దిగి ధడాలున తలుపేసింది.

"పది రోజుల కిందట మా నాన్న దీన్ని మీ దగ్గర సర్వీసు చేయించారు. ఏం చేశారు దీన్ని?"

అతను కారుని చూడగానే గుర్తుపట్టాడు. సర్జన్ గారిది. రిటైరైన పెద్ద సర్జను, ఊళ్లో జర్మన్ కార్ల ఓనర్ల గ్రూపుకి పెద్దదిక్కు. ఆయన ఒక మెకానిక్‌ని మంచివాడంటే నలభై కార్లు ఆ మెకానిక్ గుమ్మం ముందుంటాయి. ఈ గ్యారేజీ నిలబడింది ఆయన మాట మీదే.

"ఇంజిన్ ఆయిలు, బ్రేకు ఆయిలు, గేర్‌బాక్సు ఆయిలు మార్చానండీ. బ్యాటరీ కొత్తది వేసి కంప్యూటర్‌కి చెప్పాను."

"కంప్యూటర్‌కి చెప్పడమేంటి?"

"ఈ కార్లకంతే. బ్యాటరీ మారిందని చెప్పకపోతే పాతదే అనుకుని ఎక్కువ ఛార్జి పెట్టి కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. ఇంతకీ ఏమైంది?"

"ఆయనే రాసిచ్చారు. చదవండి."

కాగితం అందుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఇక లాభం లేదని పిన్నికిచ్చాడు. పిన్ని కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇది మనం చదివేది కాదు నాన్నా. మందుల షాపుకి పంపాలి."

అమ్మాయికి నవ్వొచ్చినట్టే ఉంది గానీ మింగేసింది. కాగితం తీసుకుని తనే ఏకరువు పెట్టింది.

"డ్రైవరు వైపు తలుపు తీస్తే వెనక సీటు కింద గుయ్యిమంటోంది. బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే టకటకటక. ఇంజిన్ ఆపేశాక కూడా ముందు ఏదో తిరుగుతోంది. తాళం వేసి వెళ్తుంటే కింద నుంచి టిక్కుటిక్కు. నాలుగు చప్పుళ్లు. సర్వీసైన మర్నాటి నుంచీ."

అతను తలుపు తీసి చూశాడు. ఇంజిన్ ఆన్ చేసి, బానెట్ ఎత్తి, గోడకున్న స్టెతస్కోపు తగిలించుకుని అక్కడక్కడా ఆనించి విన్నాడు. పావుగంట తర్వాత చెవుల్లోంచి తీసి మెళ్లో వేసుకున్నాడు.

"తలుపు తీస్తే వచ్చేది పెట్రోలు పంపు. మీరు ఎక్కబోతున్నారని ముందే సిద్ధమవుతుంది. టకటక ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లది, ఈ రకం ఇంజిన్‌కి అది మామూలే. ఆపాక తిరిగేది ఫ్యాను, వేడి తగ్గేదాకా తిరగాలి. తిరక్కపోతే నేను భయపడతాను. చివరిది సైలెన్సరు చల్లారుతున్న చప్పుడు. కారు సుబ్బరంగా ఉందండీ."

"అంటే ఇవన్నీ మొదట్నుంచీ ఉన్నాయంటారు."

"కొన్న రోజు నుంచీ ఉన్నాయి."

"మా నాన్న ఆరేళ్లుగా ఈ కారు నడుపుతున్నారు. ఆరేళ్లూ వినబడని చప్పుడు మీరు ముట్టుకున్న మర్నాటి నుంచీ ఎందుకు వినబడుతోంది?"

అతను మళ్లీ కారు వైపు చూశాడు. ప్రశ్న సరైనదే.

"సోమవారం కారు షోరూముకి వెళ్తోంది," అంది ఆ అమ్మాయి. "ఇంజిన్ తెరిచి లోపలి చైనూ ఇంజెక్టర్లూ అన్నీ మార్చాలన్నారు. ఆదివారం ఓనర్ల మీటింగులో నాన్న మీ గురించి చెప్పబోతున్నారు. మీకు ముందే చెప్దామని వచ్చాను. వెనకాల మాట్లాడటం నాకు చేతకాదు."

గ్యారేజీ మూతపడే కబురు అంత మర్యాదగా చెప్పేవాళ్లు ఎవరుంటారు? అతనికి ఒళ్లు మండాలి నిజానికి. మండలేదు. ఈ అమ్మాయి ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

"ఇవాళ మంగళవారమే కదండీ. ఒక గంట కూర్చోండి. ఇంకోసారి మొత్తం చూస్తాను."

"కూర్చుంటాను. మీరేం చేస్తారో చూడాలి కూడా."

కూర్చోలేదు. అతని వెనకాలే తిరిగింది. ఇదేంటి, అదెందుకు అంటూ గుక్క తిప్పుకోకుండా అడిగింది. ఈ కార్లు రోగం వచ్చాక చూపించుకునేవి కావని, రాకముందే చూసుకోవాలని అతను చెప్పాడు. ఆయిలు కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మారుస్తానన్నాడు. పొద్దున్నే స్టార్ట్ చేసి ఎగిరిపోకుండా, ఇంజిన్ వేడెక్కేదాకా మెల్లగా పోతే సగం రిపేర్లు రానే రావన్నాడు.

అంతలో వాన మొదలైంది. రేకుల మీద టపటపలాడేసరికి అతను మగ్గుతో నీళ్లు తెచ్చి కారు పైకప్పు అద్దం తెరిచాడు.

"అయ్యో, కారులో నీళ్లు పోస్తారా?" అని చెయ్యి పట్టుకుని ఆపేసిందా అమ్మాయి.

చెయ్యి పట్టుకున్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె వదిలేసింది. మగ్గులో నీళ్లు కాసిని అతని బూట్ల మీద పడ్డాయి.

"ఈ మూలన సన్నటి గొట్టం ఉంటుందండీ," అన్నాడు గొంతు సర్దుకుని. "వాన నీళ్లు దీన్లోంచి కిందికి పోవాలి. ఆకులడ్డు పడితే నీళ్లు సీటు కిందికి చేరతాయి. కారు కంప్యూటర్లు ఉండేది అక్కడే. అవి తడిస్తే కారు అమ్ముకోవాల్సిందే. గొట్టం శుభ్రం చేయడానికేమో ఐదు నిమిషాలు చాలు."

కొంచెం నీళ్లు పోశాడు. ముందు చక్రం పక్కన ధార కట్టి కారాయి. ఆమె వంగి చూసి ఫక్కున నవ్వింది.

"మా దగ్గరా ఇంతే. చెవులు వినబడట్లేదని, మిషను పెట్టమని వస్తారు. సగం మందికి గుబిలి తీస్తే చాలు, ఇంటికి పొమ్మంటాను."

"మీరు చెవుల డాక్టరా?"

"ఆడియాలజిస్టుని. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు పెడతాను. క్లినిక్ తెరిచి నెల కూడా కాలేదు."

"ఎవరైనా వస్తున్నారా?"

"మొదటి పేషెంటుకి బ్రహ్మాండంగా కుదిరింది. ఎవరని అడక్కండి, చెప్పనని మాటిచ్చాను. చెవి లోపలికి పూర్తిగా వెళ్లిపోయే రకం, పక్కన కూర్చున్నా కనబడదు." ఆ చెప్పడంలో ఎంత గర్వముందో చూస్తే అతనికి తనని తాను చూసుకున్నట్టే అనిపించింది.

వాన తగ్గింది. ఆమె వెళ్తానంది. కారు తిప్పి పెడదామని అతను ఎక్కి స్టార్ట్ చేశాడు. రేడియో దానంతటదే వచ్చింది. చిన్నగా, పక్క మనిషికి కూడా సరిగా వినబడనంత చిన్నగా. ఇందాక ఇంజిన్ గోలలో గమనించనే లేదు.

అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పది రోజుల కిందట ఇదే కారు స్టార్ట్ చేస్తే ఆ రేడియో పెట్టిన కేకకి పిన్ని చేతిలో కాఫీ కప్పు జారి పగిలింది. సర్జన్ గారి మాటా అంతే. పక్కనే నిలబడి వీధి చివరికి వినబడేట్టు మాట్లాడేవారు. ఆరేళ్లుగా కారు చప్పుళ్లు చేస్తూనే ఉంది, వినే చెవులే కొత్తవి. ఆ చెవులు పెట్టిన మనిషి బయట నిలబడి జుట్టు దులుపుకుంటోంది.

చెప్పెయ్యాలి. నోటి దాకా వచ్చింది. మొదటి పేషెంటు అన్నప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో గుర్తొచ్చింది. 'ఇదంతా మీరు చేసిందే' అని ఆ మొహం మీద ఎలా అనడం? ఏడేళ్లలో మొదటిసారి అతని బుద్ధి గడ్డి తినడానికి వెళ్లింది.

కారు దిగి, "తప్పు నాదేనండీ," అన్నాడు.

ఆమె కనుబొమలు పైకి లేచాయి. "ఇంతసేపూ కాదన్నారుగా?"

"ఇప్పుడే తెలిసింది. కారు వదిలి వెళ్లండి. శనివారానికి చప్పుళ్లు తగ్గించి ఇస్తాను. షోరూము అక్కర్లేదు."

"ఏం తప్పు చేశారు?"

"అదీ... బిగింపులో కొంచెం..."

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, తాళాలు చేతిలో పెట్టి వెళ్లింది. ఆమె గేటు దాటగానే పిన్ని కౌంటరు వదిలి వచ్చేసింది.

"బిగింపులో కొంచెం ఏంట్రా?"

సంగతంతా చెప్పాడు. పిన్ని నెత్తి కొట్టుకుంది.

"ఆ పిల్ల మొహం చిన్నబోతుందని నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకుంటావా? తప్పు నాదే అని నువ్వే ఒప్పుకుంటే రేపు నీ దగ్గరికి ఎవడొస్తాడు?"

"నేను చూసుకుంటాలే పిన్నీ."

చూసుకోవడమంటే అతను చేసిన పని ఇది. చప్పుడు మింగేసే మందపాటి రబ్బరు షీటొకటి తెచ్చి బానెట్ లోపల అంటించాడు. ఇంకోటి వెనక సీటు కింద పరిచాడు. ఆ కారుకి వాటి అవసరం ఇసుమంత కూడా లేదు. అవసరం లేని వస్తువు కారుకి తగిలించడం అతని చేతులకి అలవాటు లేని పని. రెండుసార్లు వంకరగా అంటుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆమె చెప్పాపెట్టకుండా దిగింది.

"మా కారు ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టేనండీ."

"అయితే ట్రే చూపించండి."

"ఏ ట్రే?"

ఆమె వేలెత్తి బోర్డు చూపించింది. "పాత పార్టు చూపించకుండా కొత్తది వెయ్యరుగా. తప్పు మీదే అన్నారు. ఏ పార్టు విప్పారో, ఎక్కడ తప్పు బిగించారో నాకు చూపించండి."

అతను పిన్ని వైపు చూశాడు. పిన్ని తనకేమీ సంబంధం లేనట్టు ఫోను ఎత్తి, ఎవరూ చెయ్యకపోయినా హలో అంది. ఆమె తనే వెళ్లి బానెట్ ఎత్తింది. వంకరగా అంటుకున్న షీటు కనబడింది. అతనికి చెమటలు పట్టాయి.

"ఇదెందుకు పెట్టారు?"

"చప్పుడు తగ్గడానికి."

"చప్పుడు తగ్గడానికా, వినబడకుండా ఉండటానికా?"

ఇక దాచడం అతని వల్ల కాలేదు. అబద్ధం రెండు రోజులు మోసేసరికి నడుం విరిగినంత పనైంది.

"సర్జన్ గారికి మిషన్లు ఎప్పుడు పెట్టారు?" అని అడిగాడు.

ఆమె మొహంలో రంగు మారింది. "ఎవరు చెప్పారు మీకు?"

"రేడియో చెప్పింది." ఉన్నదున్నట్టు చెప్పాడు, కాఫీ కప్పు పగలడంతో సహా.

ఆమె కారెక్కి కూర్చుంది. తలుపు తీసింది, వేసింది, ఇంజిన్ ఆన్ చేసింది, ఆపింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగేదాకా అలాగే విన్నది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"సర్వీసైన మర్నాడే పెట్టాను. మిషను పెట్టిన ప్రతివాళ్లకీ మొదటిరోజు చెప్పి పంపాలి: కొన్ని వారాల పాటు లోకమంతా గోలగా ఉంటుంది, కాగితం నలిగినా కొళాయి కారినా పెద్దగా వినబడుతుంది, కంగారు పడొద్దు, అలవాటవుతుంది అని. అది చెప్పకుండా ఎవర్నీ పంపకూడదు. మా నాన్నకి చెప్పలేదు. డాక్టరే కదా, ఆయనకి తెలీదా అనుకున్నాను. ఆయనేమో కూతురే చెవి డాక్టరు కదా, ఏదైనా ఉంటే చెప్పకపోతుందా అనుకుని ఉంటారు."

"పోనీలెండి. తొందర్లో..."

"మీరు మాట్లాడకండి!" ఆమె దిగ్గున లేచింది. "నేను పప్పులో కాలేశాను, ఒప్పుకుంటున్నాను. మీరు చేసిందేంటి? నేను తట్టుకోలేననుకున్నారా? పేషెంటుకి నిజం చెప్పకపోతే ఎంత కోపమొస్తుందో అంత కోపంగా ఉంది నాకు. ఈ ఊళ్లో నిజం మొహాన చెప్పేవాడు ఒకడు దొరికాడని మంగళవారం సాయంత్రం అమ్మకి గొప్పగా చెప్పుకున్నాను. ఇవాళ కారు గురించి అబద్ధం చెప్పారు, రేపు దేని గురించి చెప్తారు?"

"రేపా?" అన్నాడతను.

ఆమె ఠక్కున ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ షీట్లు పీకెయ్యండి. ఆదివారం మీటింగుకి కారు మీరే తీసుకురండి," అని వెళ్లిపోబోతూ గుమ్మంలో నిలబడింది. "కానీ ఒకటి. మిషను సంగతి నేను బయటపెట్టలేను. అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదని నాన్న ఒట్టు వేయించుకున్నారు. పెద్ద సర్జనుకి చెవుడని ఊళ్లో అంటారని ఆయన భయం. ఆయన ఒప్పుకుంటేనే మీ పేరు నిలబడుతుంది."

"ఒప్పుకోకపోతే?"

"నాకూ తెలీదు," అంది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం అతనికి అదే మొదలు.

ఆదివారం పొద్దున స్టేడియం పక్కన ఖాళీ స్థలంలో నలభై కార్లు వరసగా నిలబడ్డాయి. అతను సర్జన్ గారి కారుని తెచ్చి చివర్లో పెట్టాడు. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించే ఓనర్లు ఇవాళ ఫోన్లలో మునిగిపోయారు. సంగతి అప్పుడే పాకిందని అర్థమైంది. భయం వేసింది. అయినా తలొంచుకోలేదు. కారు సుబ్బరంగా ఉంది, షీట్లు పీకేశాడు. తనవైపు తప్పేమీ మిగల్లేదు.

సర్జన్ గారు అతని వైపు చూడకుండా మాట్లాడటానికి లేచారు. కూతురు చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ముందు ఒక్కసారి కారులో కూర్చో."

తండ్రీ కూతుళ్లు కారెక్కారు. తలుపులు, అద్దాలు మూసుకున్నాయి. అతనికి బయట నుంచి పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. ఇంజిన్ స్టార్టయింది. కూతురు ఏదో చెప్పింది. ఆయన అడ్డంగా తలూపారు. మళ్లీ చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించట్లేదనుకుని, చేతుల్ని చెవుల దగ్గరికి తీసుకెళ్లి మిషన్లు తీసేశారు. అక్కడి నుంచి చాలాసేపు ఆయన కదల్లేదు. మళ్లీ చెవుల దగ్గరికి చేతులు, మళ్లీ కదలకుండా కూర్చోవడం. చివరికి ఆయన తల తిప్పి, అద్దంలోంచి నేరుగా అతని వైపు చూశారు.

అంత పెద్దమనిషి ఏం చేస్తారో అతనికి అంతుబట్టలేదు. మెల్లగా 'పొరపాటైంది, పోనివ్వండి' అనేసినా అనేవారే.

సర్జన్ గారు దిగి వచ్చి అందరి మధ్యా నిలబడ్డారు.

"నలభై ఏళ్లు మనుషుల్ని కోశాను," అన్నారు. "రోగం ఏ పక్కనుందో రెండుసార్లు చూసుకోకుండా ఒక్కసారి కూడా కత్తి పట్టలేదు. అలాంటివాణ్ని, రేపు ఈ కారుని ఊరికే కోయించబోయాను. ఈ అబ్బాయి పేరు కూడా మీ అందరి ముందూ కోసేద్దామని వచ్చాను. కారుకేమీ లేదు. పదేళ్లుగా నాకు సరిగ్గా వినబడదు. రెండు వారాల కిందట మా అమ్మాయి ఇవి పెట్టింది. కొత్తగా వినబడేసరికి కారే కొత్తగా చప్పుడు చేస్తోందనుకున్నాను."

చెవిలోంచి బఠాణీ గింజంత మిషను తీసి అరచేతిలో పెట్టి చూపించారు.

కూతురు ముందుకొచ్చింది. "మొదటిరోజు చెప్పాల్సిన మాట నేనే చెప్పలేదు. తప్పు నాది. మెకానిక్ గారి పనికి వంక పెట్టడానికి లేదు."

వెనక వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయీ, నీ క్లినిక్ ఎక్కడ?"

ఆ పక్కనే ఇంకొకాయన, "ఆదివారం కూడా ఉంటుందా?" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వేశారు. పొద్దుట్నుంచి ఫోన్లు చూసుకున్నవాళ్లే వచ్చి అతని భుజం తట్టారు. ఒకాయన అప్పటికప్పుడే తన కారు బానెట్ ఎత్తేశాడు.

ఆ గోలలోంచి తప్పించుకుని అతను ఆమెని కార్ల వెనక్కి పిలిచాడు.

"మీకు ఒక నిజం చెప్పాలి."

"చెప్పండి. మొహానే చెప్పండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం. మీరు ఆగను అన్నప్పట్నుంచి."

ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా పాట్లు పడింది. "నాకు గురువారం. అబద్ధం చెప్పడం చేతకాక చెమటలు కక్కారు చూడండి, అప్పుడు. ఈ మనిషి నాకు అబద్ధం చెప్పినా మూడు రోజుల కంటే దాచలేడులే అనుకున్నాను."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఇంకా అనుమానమా? స్టెతస్కోపు పెట్టి చూస్తారా ఏంటి?"

అతనికి ఏం చెయ్యాలో తోచక జేబులోంచి గుడ్డ తీసి, తుడవాల్సిన పనే లేని కారుని తుడిచాడు.

"అబ్బాయ్!" సర్జన్ గారు అవతలి నుంచి పిలిచారు. "రా, ముందు సీట్లో కూర్చో. ఇంటిదాకా నడుపుతాను. ఏ చప్పుడు దేనిదో ఒక్కొక్కటీ చెప్పు నాకు."

ఆయన డ్రైవింగు, పక్కన అతను, వెనక కూతురు. సన్నగా వాన మొదలైంది. ఆయన చిన్నపిల్లాడిలా అన్నీ అడిగారు. రోడ్డు అతుకుల మీద టైర్లు డబ్‌డబ్‌మంటే ఏంటన్నారు. వైపరు అద్దానికి రాసుకుంటుంటే ఏంటన్నారు.

"ఇండికేటరుకి చప్పుడుంటుందా!" అని ఆశ్చర్యపోయారు. "ఇన్నేళ్లూ వేసి మర్చిపోయి మైళ్లకి మైళ్లు పోయేవాణ్ని. వెనకవాళ్లు ఎందుకు హారన్ కొట్టేవారో ఇప్పుడు తెలిసింది."

"హారనూ వినబడేది కాదుగా నాన్నా," అంది కూతురు.

ఇంకో వీధి దాటారు. సర్జన్ గారు ఉన్నట్టుండి వేగం తగ్గించారు.

"ఇదిగో, ఇంకోటి. వెనక వైపు నుంచి. సన్నగా వస్తోంది. ఇది దేనిది?"

అతను చెవులు రిక్కించాడు. అతనికి తెలియని చప్పుడు ఈ కారులో లేదు, కానీ ఇది తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కిటికీకి తల ఆనించి, వాన చూస్తూ, తనకే తెలియకుండా కూనిరాగం తీస్తోంది.

"ఇది కారుది కాదండీ," అన్నాడు మెల్లగా.

సర్జన్ గారు అద్దంలోంచి కూతురి వైపు చూశారు. కారు ఇంకా నెమ్మదించింది.

"చిన్నప్పుడు స్కూలుకి తీసుకెళ్తుంటే దారంతా ఇలాగే పాడేది," అన్నారు. "పెద్దదయ్యాక మానేసిందనుకున్నాను."

"మానలేదు నాన్నా," అంది ఆమె. "సంతోషంగా ఉన్నప్పుడల్లా పాడుతూనే ఉన్నాను."

ఆయన మణికట్టుతో కళ్లు తుడుచుకున్నారు. అతను తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

"మరి ఇవాళ ఇంత సంతోషం దేనికి?" అని అడిగారు ఆయన కాసేపయ్యాక.

ఆమె కిటికీ వైపు తిరిగింది. అతను సీటు బెల్టు సర్దుకున్నాడు. సర్జన్ గారు అద్దంలో కూతుర్ని చూశారు, పక్కకి తిరిగి అతన్ని చూశారు. ఇద్దరి మొహాలూ చూశాక ఆయనకి వేరే పరీక్షలు అక్కర్లేకపోయాయి.

"అబ్బాయ్."

"అండీ."

"ఇది ఆగిపోకుండా చూసుకునే పూచీ తీసుకుంటావా?"

"తీసుకుంటానండీ," అన్నాడతను.

"సరే. వాళ్లమ్మకి కూడా చెప్పాలి. నువ్వే చెప్పు. ఆవిడతో అరిచి మాట్లాడక్కర్లేదు, ఆవిడ చెవులు బాగానే ఉన్నాయి."

వెనక సీట్లో ఆమె నవ్వింది. నవ్వాగాక కూనిరాగం మళ్లీ మొదలైంది, ఈసారి దాచుకోకుండా. ఇంటి మలుపు వచ్చింది. సర్జన్ గారు కారు తిప్పలేదు, పాట వింటూ నేరుగా పోనిచ్చారు.